రాత చేతిది.. భారం ఒంటిది!

చెయ్యి నొప్పి, మెడ పట్టేయటం, కళ్లు లాగటం.. ఇవన్నీ కంప్యూటర్లు, ఫోన్లు తెచ్చిపెట్టిన తంటాలని అనుకుంటాం. కానీ వెయ్యేళ్ల కిందట పుస్తకాలను చేత్తో నకలు రాసిన లేఖకులూ సరిగ్గా ఇవే బాధలు పడ్డారు. కొందరైతే తాము రాసిన పుస్తకం చివరి పేజీలోనే గోడు వెళ్లబోసుకున్నారు. ఆ పనిలో ఒంటిని నిలబెట్టుకునే పద్ధతులూ వాళ్లకు కొన్ని ఉండేవి. పరీక్షల కోసం గంటల తరబడి రాసే పిల్లలకు, రోజంతా బల్ల ముందు కూర్చునే పెద్దలకు అవి ఇప్పటికీ పనికొస్తాయి.

అచ్చుయంత్రం రాకముందు పుస్తకం కావాలంటే ఒకటే దారి. ఎవరో ఒకరు కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చేత్తో రాయాలి. మధ్యయుగంలో ఐరోపాలో ఈ పనిని ఎక్కువగా క్రైస్తవ మఠాల్లోని సన్యాసులు, సన్యాసినులు చేసేవారు. తర్వాతి కాలంలో డబ్బు తీసుకుని రాసిచ్చే లేఖకులూ పుట్టుకొచ్చారు.

స్పెయిన్‌లోని వాలెరానికా మఠంలో ఫ్లోరెన్షియో అనే లేఖకుడు ఉండేవారు. క్రీ.శ. 945లో ఓ భారీ మతగ్రంథానికి నకలు రాయటం పూర్తిచేశారు. చివర్లో రాతపని ఎంత కష్టమో వివరంగా చెప్పుకొచ్చారు. చూపు మందగిస్తుంది, వెన్ను వంగిపోతుంది, పక్కటెముకలు, పొట్ట నొక్కుకుపోతాయి, నడుము వెనక నొప్పి పుడుతుంది, ఒళ్లంతా నీరసించిపోతుంది.. ఇదీ ఆయన చెప్పిన జాబితా. అందుకే పేజీలు నెమ్మదిగా తిప్పండి, అక్షరాల మీద వేళ్లు పెట్టకండి అని చదివేవారిని వేడుకున్నారు.

మనదేశంలోని లేఖకులదీ ఇదే గోడు. పాత రాతప్రతుల చివర తరచూ కనిపించే ఓ సంస్కృత శ్లోకం ఉంది. వెన్ను, నడుము, మెడ ఎంత నొచ్చాయో, చూపు ఎలా మొద్దుబారిందో చెప్పి, ఈ పుస్తకాన్ని భద్రంగా చూసుకోమని అది అడుగుతుంది. ఐరోపాలో చర్మపత్రం మీద ఈక కలంతో రాసినా, మన దగ్గర తాటాకు మీద గంటంతో రాసినా నొప్పి పుట్టే చోట్లు మాత్రం ఒకటే. మెడ, వెన్ను, కళ్లు, చెయ్యి.

కదలకపోవటమే కష్టం

బరువులు మోయలేదు, పరుగులు పెట్టలేదు. కూర్చుని రాయటానికి ఇంత నొప్పి ఏమిటి? ఈ సందేహం ఆ రోజుల్లోనూ ఉండేది. లండన్‌లో రాజు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన థామస్ హాక్లీవ్ అనే కవి 1411 ప్రాంతంలో రాసిన ఓ కావ్యంలో దీనికి జవాబిచ్చారు. మిగతా పనివాళ్లు మాట్లాడుకుంటూ, పాడుకుంటూ పని చేసుకోగలరు. లేఖకుడికి ఆ వీలు లేదు. మనసు, కన్ను, చెయ్యి మూడూ ఒకేచోట కట్టేసినట్టు ఉండాలి. ఇరవై ఏళ్లకు పైగా అలా వంగి రాసేసరికి పొట్ట, వెన్ను, కళ్లు దెబ్బతిన్నాయని ఆయన వాపోయారు.

ఈ మాటలో వైద్యపరంగా చాలా నిజముంది. నడిచేటప్పుడు కండరం బిగుసుకుంటుంది, సడలుతుంది. సడలినప్పుడల్లా దానిలోకి రక్తం ధారాళంగా వస్తుంది. వంగి కూర్చుని రాస్తున్నప్పుడు మెడ, భుజం, వీపు కండరాలు సడలకుండా బిగుసుకునే ఉంటాయి. రక్తం అందటం తగ్గుతుంది. కాసేపటికి మంట, బరువు, నొప్పి మొదలవుతాయి. పైగా మన తల బరువు దాదాపు 5 కిలోలు. మెడ నిటారుగా ఉన్నప్పుడు ఈ బరువును వెన్నుపూసలు మోస్తాయి. తల ముందుకు వాలుతున్నకొద్దీ మెడ వెనక కండరాల మీద పడే భారం కొన్ని రెట్లు పెరుగుతుంది. పుస్తకం మీదికి వంగినా, ఫోన్ మీదికి వంగినా మెడకు తేడా తెలియదు.

ఏటవాలు బల్ల ఎందుకు?

మధ్యయుగం నాటి బొమ్మల్లో లేఖకులను చూడండి. బల్లపరుపుగా ఉన్న బల్ల మీద రాసేవారు అరుదు. దాదాపు అందరి ముందూ బాగా ఏటవాలుగా ఉన్న బల్ల ఉంటుంది. కుడిచేతిలో ఈక కలం, ఎడమచేతిలో చిన్న కత్తి. ఆ కత్తితో మూడు పనులు. కలం ములుకును చెక్కుకోవటం, తప్పు పడితే అక్షరాన్ని గీకేయటం, ఎగిరెగిరి పడే చర్మపత్రాన్ని కదలకుండా అదిమిపెట్టటం.

ఏటవాలు బల్లకు కారణం కలంలో ఉంది. ఈక కలం ములుకు పత్రానికి దాదాపు నిటారుగా ఆనితే సిరా చక్కగా దిగుతుంది. బల్లను పైకి లేపితే ఇది తేలిక. దీంతో ఒంటికీ మేలు జరిగింది. పేజీయే కళ్ల ముందుకు రావటంతో తలను అంతగా దించాల్సిన అవసరం లేకపోయింది. మన పాతకాలపు దుకాణాల్లో గుమాస్తాలు ముందు పెట్టుకుని పద్దులు రాసిన ఏటవాలు చెక్కపెట్టె గుర్తుందా? దానితోనూ ఇదే లాభం.

ఇప్పటి చదువుకునే బల్లలు చాలావరకు చదునైనవే. పిల్లలు మంచం మీద బోర్లా పడుకునో, నేల మీద పుస్తకం పెట్టుకుని వంగిపోయో రాస్తుంటారు. ఖరీదైన బల్ల కొనక్కర్లేదు. గట్టి రాత అట్ట కింద పై అంచు వైపు ఒకట్రెండు లావు పుస్తకాలు పెడితే చాలు. ఏటవాలు వచ్చేస్తుంది.

నొక్కితే పాడయ్యే కలం

లేఖకుల కలం పెద్దబాతు రెక్క ఈకతో చేసింది. కుడిచేత్తో రాసేవారికి ఎడమ రెక్క ఈక వంపు బాగా అమరుతుంది. ఆ ములుకు చాలా సున్నితం. గట్టిగా నొక్కితే చీలిక విచ్చుకుపోయి గీత చెడిపోతుంది. కాబట్టి కలాన్ని వదులుగా పట్టుకుని, పత్రం మీద తేలికగా లాగటం నేర్చుకోక తప్పేది కాదు. చూపుడువేలు, మధ్యవేలు పైన, బొటనవేలు కింద, మిగతా రెండు వేళ్లు లోపలికి మడిచి పట్టుకునేవారు. అరచెయ్యి పత్రానికి ఆనటం తక్కువ. అంటే వేళ్ల కొసల కన్నా ముంజేయి, భుజం ఎక్కువ పనిచేస్తాయి.

ఇంకో సంగతి. అప్పటి పుస్తకాల లిపిలో ఒక్కో అక్షరాన్ని ఏకబిగిన రాసేవారు కాదు. రెండు మూడు గీతలుగా, ఒక్కో గీతకు కలం ఎత్తి దించుతూ కట్టేవారు. కలం లేచిన ప్రతిసారీ వేళ్ల బిగువు ఓ క్షణం సడలుతుంది. ఈ చిన్న చిన్న విరామాలు రోజు మొత్తం మీద తక్కువేమీ కాదు. పైగా ములుకు మొద్దుబారినప్పుడల్లా ఆగి చెక్కుకోవాలి. అదీ ఓ విరామమే.

వేళ్లతో మాత్రమే కాకుండా చేతిని కదిలిస్తూ రాయటం మేలన్నది తర్వాత వైద్యులూ గమనించారు. 19వ శతాబ్దం చివర్లో ప్రసిద్ధ ఆంగ్ల నరాల వైద్యుడు విలియం గవర్స్, భుజం నుంచి చేతిని కదిలిస్తూ రాసేవారికి రాతతో వేళ్లు కొంకర్లు పోయే సమస్య అరుదని రాశారు.

మన చేతిలోని బాల్‌పాయింట్ పెన్ను స్వభావం దీనికి పూర్తిగా వేరు. కొసనున్న గుండు దొర్లితేగానీ సిరా రాదు. దాంతో నొక్కి రాయటం అలవాటైపోతుంది. మీ పిల్లల నోటుబుక్కులో ఓ పేజీని వెనక్కి తిప్పి వేళ్లతో తడిమి చూడండి. గీతలు గట్టిగా ఉబ్బి తగులుతున్నాయా? మధ్యవేలు పక్కన కాయ కాసిందా? చూపుడువేలి చివరి కణుపు లోపలికి విరిగినట్టు వంగి, గోరు తెల్లబడుతోందా? అలాగైతే అవసరమైన దానికన్నా ఎక్కువ బలం పెడుతున్నట్టే. తేలికగా జారే జెల్ పెన్ను గానీ, కాస్త లావుగా ఉండే పెన్ను గానీ ఇచ్చి చూడండి. పెన్నును కొస నుంచి రెండు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకోమనండి. పెద్ద తేడా కనిపిస్తుంది.

గంట మోగితే లేవాల్సిందే

మఠాల్లో రోజు గంటల లెక్కన నడిచేది. 6వ శతాబ్దంలో ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ రూపొందించిన నియమావళి ప్రకారం పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ప్రార్థన. మిగతా సమయాన్ని శరీర శ్రమ, చదువు పంచుకునేవి. ప్రార్థన గంట వినపడితే చేతిలో ఏ పని ఉన్నా వదిలి వెళ్లాలి. అంతకు వందేళ్ల ముందు జాన్ కాసియన్ అనే సన్యాసి మఠాల జీవితాన్ని వర్ణిస్తూ, రాసేవాళ్లు మొదలుపెట్టిన అక్షరాన్ని కూడా పూర్తిచేయకుండా లేచేవారని చెప్పారు.

ఇది ఆరోగ్యం కోసం పెట్టిన నియమం కాదు. విధేయత కోసం పెట్టింది. కానీ దాని ఫలితం ఒంటికి దక్కింది. కూర్చున్న చోటు నుంచి లేవటం, నడవటం, నిలబడటం, గొంతెత్తి పాడటం.. రోజుకు ఇన్నిసార్లు జరిగేవి. కంప్యూటర్ ముందు పనిచేసేవారికి నేటి వైద్యులు చెప్పేదీ ఇదే. అరగంటకోసారి లేవండి, నాలుగడుగులు వేయండి. అయితే మనకు గంట కొట్టేవాళ్లు లేరు. ఫోనులో అలారం పెట్టుకోవాల్సిందే. అది మోగినప్పుడు 'ఈ ఒక్క పేరా అయ్యాక లేస్తా' అనుకోకుండా లేవటమే అసలు క్రమశిక్షణ.

చాలా మఠాల్లో రాతపనికి పగటి వెలుతురే ఆధారం. చర్మపత్రాలకు దీపం అంటుకుంటుందన్న భయం మరి. చలికాలంలో మాత్రం నానా అగచాట్లు పడేవారు. ఇంగ్లండులోని వేర్‌మౌత్ మఠాధిపతి కత్‌బర్ట్ 764లో ఓ లేఖ రాస్తూ, ఆ ఏటి చలికి లేఖకుడి చెయ్యి సాగక అడిగినన్ని పుస్తకాలు పంపలేకపోతున్నానని చెప్పారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని నార్మండీలో చరిత్ర రాసిన ఆర్డెరిక్ విటాలిస్ అయితే చలికి చెయ్యి మొద్దుబారి, ఓ భాగాన్ని అక్కడికి ఆపి, మిగతాది వెచ్చని రోజులొచ్చాక రాస్తానని పుస్తకంలోనే ప్రకటించారు. చలిలో వేళ్లకు రక్తప్రసరణ తగ్గి చురుకుదనం పోతుంది. చలికాలపు ఉదయాల్లో, ఏసీ గదుల్లో రాసేముందు ఒక నిమిషం చేతులు రుద్దుకుని వేడి చేసుకోవటం మంచిది. చల్లదనం తగలగానే వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతుంటే అది మామూలు చలి కాకపోవచ్చు. వైద్యులకు చూపించుకోవాలి.

నలభై దాటితే ఆగిన కలాలు

లేఖకుల జీవితాన్ని మార్చేసిన గొప్ప వస్తువు కళ్లజోడు. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరివి మసకబారతాయి. దీన్నే చత్వారం అంటాం. కళ్లజోడు లేని రోజుల్లో, చెయ్యి బాగా తిరిగి పనితనం పండే వయసుకే లేఖకుడికి చూపు సహకరించేది కాదు. 1286 ప్రాంతంలో ఇటలీలో దగ్గరి చూపు కళ్లజోళ్లు పుట్టాయి. అక్కడి ట్రెవీసో పట్టణంలో తొమాసో ద మోదెనా అనే చిత్రకారుడు 1352లో గీసిన గోడచిత్రాల్లో నలభై మంది క్రైస్తవ సన్యాసులు తమ తమ బల్లల దగ్గర కూర్చుని కనిపిస్తారు. వాళ్లలో ఒకరి ముక్కు మీద కళ్లజోడు ఉంటుంది. కళ్లజోడు పెట్టుకున్న మనిషిని చూపే తొలి చిత్రంగా దీన్ని చెబుతారు.

అద్దాలు సులువుగా దొరికే ఈ రోజుల్లోనూ చాలామంది వాయిదా వేస్తారు. కాగితాన్ని దూరం జరుపుతూ, మెడను వెనక్కి లాగుతూ నెట్టుకొస్తారు. చివరికి తలనొప్పి, మెడనొప్పి అని వస్తారు. నలభై దాటినవారు ఒకసారి కంటి పరీక్ష చేయించుకోవటం మేలు. పిల్లలు పుస్తకంలో ముఖం పెట్టి రాస్తున్నా ముందు అనుమానించాల్సింది చూపునే.

వణికే చేతితో వేల వ్యాఖ్యలు

ఇంగ్లండులోని వూస్టర్‌లో 13వ శతాబ్దంలో ఓ లేఖకుడు ఉండేవారు. పేరు ఎవరికీ తెలియదు. ఆయన అక్షరాలు మాత్రం చూడగానే తెలిసిపోతాయి. ప్రతి గీతా సన్నని అలలా వణుకుతూ, ఎడమ వైపునకు వాలి ఉంటుంది. అందుకే చరిత్రకారులు ఆయన్ను 'వణికే చెయ్యి' అనే పిలుస్తారు. అప్పటికే జనం మరచిపోతున్న పాత ఇంగ్లిషు పుస్తకాలకు ఆయన వేలకొద్దీ అర్థాలు, వ్యాఖ్యలు రాశారు. ఆ భాషను చదవగలిగిన చివరితరం వారిలో ఆయన ఒకరు.

మరి ఆ వణుకు ఏమిటి? మధ్యయుగ రాతప్రతుల పరిశోధకురాలు డెబొరా థోర్ప్, నరాల వైద్యురాలు జేన్ ఆల్టీ కలిసి ఆ అక్షరాలను పరీక్షించి 2015లో 'బ్రెయిన్' వైద్య పత్రికలో తమ అభిప్రాయం ప్రకటించారు. గీతల్లోని వణుకు తీరును బట్టి అది 'ఎసెన్షియల్ ట్రెమర్' కావొచ్చన్నారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మనిషికి అక్షరాలను చూసి జబ్బు పేరు చెప్పటమన్నమాట!

ఇది తెలుసుకోవటం మన ఇళ్లలోనూ అవసరం. పెద్దవాళ్ల చెయ్యి వణకగానే పార్కిన్‌సన్స్ అని బెంబేలెత్తిపోతుంటాం. కానీ వణుకులన్నీ ఒకటి కావు. ఎసెన్షియల్ ట్రెమర్‌లో పని చేసేటప్పుడు.. అంటే రాసేటప్పుడు, గ్లాసు ఎత్తేటప్పుడు, చెంచా పట్టుకున్నప్పుడు వణుకు ఎక్కువ. అక్షరాలు పెద్దగా, వంకర్లు తిరుగుతాయి. చాలామందిలో ఇంట్లో ఇంకెవరికైనా కూడా ఉంటుంది. పార్కిన్‌సన్స్‌లో సాధారణంగా చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు వణుకు ఎక్కువ. కదలికలు నెమ్మదిస్తాయి. అక్షరాలు రాస్తూ పోతున్నకొద్దీ చిన్నవై, ఇరుకైపోతాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, కొన్ని రకాల మందులు వాడుతున్నా చెయ్యి వణకొచ్చు. కారణాన్ని నరాల వైద్యులే తేల్చాలి. ఎసెన్షియల్ ట్రెమర్‌ను తగ్గించే మందులున్నాయి. ఇంట్లో పెద్దవారి సంతకం మారిపోయి బ్యాంకు చెక్కు వెనక్కి వస్తే విసుక్కోకండి. అది ఓ జబ్బు తొలి లక్షణం కావొచ్చు.

ఎముకల్లో, పళ్లలో ఆనవాళ్లు

రాతపని ఒంటి మీద వేసే ముద్ర ఎంత లోతుగా ఉంటుందో చెప్పే సాక్ష్యం ఇంకా పాత కాలంలో దొరికింది. ఈజిప్టులోని అబూసిర్‌లో క్రీ.పూ. 2700-2180 మధ్య కాలానికి చెందిన 69 మంది పురుషుల అస్థిపంజరాలను పరిశోధకులు పరీక్షించారు. వీరిలో 30 మంది లేఖకులు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, మిగతావారితో పోలిస్తే లేఖకుల్లో మెడ వెన్నుపూసలు, కుడి భుజం, కుడి బొటనవేలు, దవడ కీళ్లు ఎక్కువగా అరిగిపోయి ఉన్నాయి. మెడ, భుజం, బొటనవేలు సంగతి అర్థమవుతుంది. దవడ ఎందుకు? అప్పటి లేఖకులు రెల్లు కాడను నమిలి కుచ్చులా చేసుకుని రాసేవారు. ఆ నమలటమే కారణం కావొచ్చని పరిశోధకుల అంచనా. పెన్ను మూత కొరికే పిల్లలను తల్లులు కోప్పడటంలో న్యాయముంది మరి.

జర్మనీలోని డాల్‌హైమ్‌లో మరో వింత బయటపడింది. అక్కడి మఠం శ్మశానంలో దొరికిన ఓ మధ్యవయసు మహిళ పళ్ల గారలో సన్నని నీలి రేణువులు కనిపించాయి. ఆమె వెయ్యి, తొమ్మిది వందల ఏళ్ల కిందటి మనిషి. ఆ నీలం అఫ్గానిస్థాన్ నుంచి వచ్చే లాజవర్దం రాయిది. అప్పట్లో అత్యంత ఖరీదైన పుస్తకాల బొమ్మలకు వాడే రంగు. కుంచె కొసను నాలుకతో తడిపి సన్నగా చేసుకోవటం వల్ల రంగు పళ్లకు చేరి ఉంటుందని 2019లో పరిశోధకులు వివరించారు. మఠాల్లోని మహిళలూ అంత విలువైన పుస్తకాల తయారీలో పనిచేశారనటానికి ఇది గట్టి ఆధారమైంది.

ఎడమచేతికీ అదే గతి

ఈ నొప్పులకు వైద్యశాస్త్రంలో చోటు కల్పించిన వ్యక్తి ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని. వృత్తి వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో ఆయన రాసిన పుస్తకం ప్రసిద్ధం. 1713లో దాన్ని విస్తరించినప్పుడు లేఖకుల కోసం ఓ అధ్యాయం చేర్చారు. వాళ్ల బాధలకు మూడు కారణాలు చెప్పారు. ఎప్పుడూ కూర్చునే ఉండటం, చేతిని ఒకేలా కదపటం, తప్పు పోతుందేమోనన్న మనసు ఒత్తిడి. మూడు వందల ఏళ్లు దాటినా ఈ జాబితాలో మార్చాల్సిందేమీ లేదు.

ఆయన ఎరిగిన ఓ దస్తావేజు లేఖరి కథ కూడా చెప్పారు. జీవితమంతా రాసీ రాసీ అతడి కుడిచెయ్యి మొదట విపరీతంగా అలసిపోయేది. చివరికి పూర్తిగా చచ్చుబడింది. పట్టుదలతో ఎడమచేత్తో రాయటం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు దానికీ అదే గతి పట్టింది! చెయ్యి మారినా పద్ధతి మారకపోతే లాభం లేదు.

రాతతో ముడిపడిన చేతి సమస్యలను ఇప్పుడు విడివిడిగా గుర్తిస్తున్నారు.

* రైటర్స్ క్రాంప్: పెన్ను పట్టుకోగానే వేళ్లు కొంకర్లు పోతాయి, లేదా పెన్ను మీద పట్టు దానంతటదే బిగుసుకుపోతుంది. మిగతా పనులకు చెయ్యి బాగానే ఉంటుంది. లోపం కండరంలో కాదు, మెదడు పంపే ఆదేశాల్లో ఉంటుంది. రాసే పద్ధతిలో శిక్షణతో పాటు కొందరికి బొట్యులినమ్ ఇంజెక్షన్లు మేలు చేస్తాయి.
* కార్పల్ టన్నెల్ సమస్య: మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రిపూట తిమ్మిరికి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తుంది. మహిళల్లో, మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో, గర్భిణుల్లో ఎక్కువ.
* బొటనవేలి మొదట్లో నొప్పి: అక్కడి కండర బంధనాల తొడుగు వాస్తుంది. పెన్ను గట్టిగా పట్టుకున్నా, ఫోన్ మీద బొటనవేలితో అదేపనిగా టైపు చేసినా, పసిపిల్లలను పదేపదే ఎత్తుకున్నా రావొచ్చు.
* మెడ నుంచి దిగే నొప్పి: మెడలో నరం నొక్కుకుపోతే నొప్పి, తిమ్మిరి భుజం మీదుగా చేతిలోకి జారుతుంది. చేతికి ఎన్ని పూతలు పూసినా తగ్గదు.

పరీక్షల ముందు పిల్లల చెయ్యి

స్టాక్‌హోంలోని స్వీడన్ జాతీయ గ్రంథాలయంలో 13వ శతాబ్దపు ఓ మహాగ్రంథం ఉంది. 'కోడెక్స్ గిగాస్' అంటారు. బరువు దాదాపు 75 కిలోలు. ఒక్కరే రాశారని, అందుకు ఇరవై ఏళ్లకు పైనే పట్టి ఉంటుందని నిపుణుల అంచనా. విచిత్రమేమిటంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ అక్షరం దాదాపు ఒకేలా ఉంటుంది. రోజూ కొంత, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి.. చెయ్యి తిరగటమంటే అది.

మన పిల్లలకు మనం చేస్తున్నది దీనికి తలకిందులు. ఏడాదంతా ఫోన్లు, వర్క్‌షీట్లు. పరీక్షలు దగ్గరపడగానే రోజుకు రెండు మూడు నమూనా పరీక్షలు. ఒక్కోటి మూడు గంటల రాత. తప్పు చేస్తే వందసార్లు ఇంపోజిషన్. అలవాటు లేని కండరాల మీద ఒక్కసారిగా ఇంత భారం పడితే నొప్పి రాక మానదు. 'చెయ్యి నొప్పెడుతోంది' అని పిల్లలు చెబితే బద్ధకమని కొట్టిపారేయొద్దు. ఫ్లోరెన్షియో, హాక్లీవ్‌లు బద్ధకస్తులు కారు.

* పరీక్షలకు రెండు నెలల ముందు నుంచే రాసే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచండి. తొలి వారం అరగంట, తర్వాత ముప్పావు గంట. పూర్తి మూడు గంటల పరీక్షలు చివర్లో, అదీ రోజు విడిచి రోజు.
* దస్తూరి బాగుపడాలంటే ఆదివారం రెండు గంటలు కాదు, రోజూ పది నిమిషాలు రాయించాలి.
* పాదాలు నేలకు గానీ, పీటకు గానీ ఆనాలి. ముంజేయి బల్ల మీద ఆనాలి. రెండో చెయ్యి ఒళ్లో కాదు, కాగితం మీద ఉండాలి.
* కుడిచేతి వాటం వారికి వెలుతురు ఎడమ నుంచి, ఎడమచేతి వాటం వారికి కుడి నుంచి పడాలి. ఎడమచేతి వాటాన్ని బలవంతంగా మార్చొద్దు.
* ప్రతి అరగంటకూ పెన్ను కింద పెట్టి పిడికిలి మూసి తెరవటం పదిసార్లు, బొటనవేలిని ఒక్కో వేలికి తాకించటం, భుజాలను వెనక్కి తిప్పటం, గడ్డాన్ని మెల్లగా లోపలికి లాగి పట్టటం చేయించండి. రెండు నిమిషాలు చాలు.
* ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూస్తే కళ్లకు విశ్రాంతి.
* పరీక్ష హాల్లో జవాబుకూ జవాబుకూ మధ్య అయిదు సెకన్లు పెన్ను వదిలి చెయ్యి కిందికి వేలాడదీయమని చెప్పండి. పోయే మార్కులేమీ ఉండవు.

బాగా చదువుతూ, నోటితో చక్కగా చెప్పగలిగి, రాయమంటే మాత్రం అవస్థ పడుతుంటే అది డిస్‌గ్రాఫియా కావొచ్చు. ఇంపోజిషన్లతో అది తగ్గదు. పిల్లల వైద్యులను, ఆక్యుపేషనల్ థెరపిస్టును కలిస్తే దారి దొరుకుతుంది.

ఎప్పుడు డాక్టర్‌ను కలవాలి?

* విశ్రాంతి ఇచ్చినా నొప్పి రెండు వారాలకు మించి తగ్గకపోతే
* తిమ్మిరి రాత్రి నిద్ర చెడగొడుతుంటే
* చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే, బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతుంటే
* అక్షరాలు క్రమంగా చిన్నవైపోతుంటే, కొత్తగా వణుకు మొదలైతే
* ఉదయం లేవగానే వేళ్ల కీళ్లు వాచి, అరగంటకు పైగా బిగుసుకుని ఉంటే
* ఉన్నట్టుండి చెయ్యి చచ్చుబడితే, రాయలేకపోతే, మాట తడబడితే, మూతి వంకర పోతే క్షణం ఆలస్యం చేయొద్దు. అది పక్షవాతం కావొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అయినా రాయాలి

ఇంత కష్టమైతే రాయటం మానేసి టైపు చేసుకుంటే పోదా? తొందరపడొద్దు. నార్వేలో విశ్వవిద్యాలయ విద్యార్థులు 36 మంది మీద చేసిన ఓ అధ్యయనం 2024లో వెలువడింది. తల మీద 256 సెన్సర్లు అమర్చి చూస్తే, టైపు చేసేటప్పటి కన్నా చేత్తో రాసేటప్పుడు మెదడులోని వేర్వేరు భాగాల మధ్య అనుసంధానం ఎంతో ఎక్కువగా కనిపించింది. అక్షరాలు నేర్చుకునే వయసు పిల్లలు చేత్తో దిద్దితే, చదవటానికి ఉపయోగపడే మెదడు భాగాలు చురుకవుతాయని అంతకుముందు అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం పరిశోధనలోనూ తేలింది. పలక మీద అక్షరాలు దిద్దించటం ఊరికే పెట్టిన ఆచారం కాదన్నమాట.

కాబట్టి చేతిని కాపాడుకుంటూ రాయాలి. ఏటవాలు బల్ల, వదులుగా పట్టిన కలం, సరిపడా వెలుతురు, వేళకు విరామం. లేఖకులకు అందినవి ఇవే. వాళ్లకు అందనివి.. కంటి పరీక్ష, నరాల వైద్యులు, ఫిజియోథెరపీ.. మనకు అందుబాటులో ఉన్నాయి. ఈ రాత్రి మీ అబ్బాయో, అమ్మాయో హోంవర్కుకు కూర్చున్నప్పుడు మార్కుల సంగతి కాసేపు పక్కనపెట్టి ఎలా కూర్చున్నారో, పెన్ను ఎలా పట్టుకున్నారో ఓసారి గమనించండి.